జీతం ఫిజిక్స్‌ది, ధ్యాస గణాంకాలది

1915లో ఇంగ్లండ్ నుంచి కలకత్తా వస్తున్న ఓడలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ముందేసుకున్నవి ఫిజిక్స్ పుస్తకాలు కావు. కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ ట్రైపాస్ పరీక్ష ముగించి, కావెండిష్ లేబరేటరీలో సి.టి.ఆర్. విల్సన్ దగ్గర పరిశోధన చేయాలనుకున్న ఆయన, ముందు కొన్నాళ్లు ఇంటికెళ్లి వద్దామని బయల్దేరారు. యుద్ధం వల్ల ప్రయాణం ఆలస్యమైంది. ఆ ఖాళీలో ట్యూటర్ మెకాలే కింగ్స్ కాలేజీ లైబ్రరీలో ‘బయోమెట్రికా’ అనే గణాంక పత్రిక సంపుటాలు చూపించారు. మహలనోబిస్ సెట్టు మొత్తం కొనేసి వెంట తెచ్చుకున్నారు. విల్సన్ దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు కావాల్సి వస్తే చేరి, మూడు దశాబ్దాలు అక్కడే ఉండిపోయారు. ఆ కొలువే లేకపోతే మన దేశంలో గణాంక శాస్త్రానికి మొదట్లో తల దాచుకునే చోటు ఉండేది కాదు. కాలేజీలో ఆయన గదే స్టాటిస్టికల్ లేబరేటరీ. 1931 డిసెంబరులో పుట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కీ అదే చిరునామా. తొలి ఏడాది సంస్థ ఖర్చు 250 రూపాయలు దాటలేదు.

1920 నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జువలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అనండేల్ పరిచయమయ్యారు. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఆయన దగ్గర పోగుపడి ఉన్నాయి, వాటితో ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. రెండు గుంపుల మధ్య తేడా ఎంత అని అడిగితే కొలతకో తేడా తీసి కూడేస్తే సరిపోదు. పొడుగువాళ్లకు చేతులూ పొడుగే. రెండింటినీ విడివిడిగా లెక్కేస్తే ఒకే తేడాను రెండుసార్లు కలిపినట్టవుతుంది. ఆ లంకెను మినహాయించి దూరం లెక్కగట్టే సూత్రానికి 1936 నాటికి పూర్తి రూపం వచ్చింది. ‘మహలనోబిస్ దూరం’ అంటే అదే. డేటాలో తేడాగా ఉన్న అంకెల్ని పట్టుకోవడానికి నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఈలోగా వరదలొచ్చాయి. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నది పొంగితే, నది అడుగు మేట వేసింది, కరకట్టలు ఎత్తు పెంచాలన్నారు ఇంజనీర్లు. మహలనోబిస్ దాదాపు అరవై ఏళ్ల రికార్డులు తిరగేసి, అడుగు లేవలేదని, ఎగువన కురిసిన వానే కారణమని తేల్చారు. కట్టలు కాదు, ఎగువన ఆనకట్టలు కావాలన్నారు.

ఇక బెంగాల్‌లో జనపనార పంటను అంచనా కట్టడానికి ఆయన చేసిన సర్వేలు. ఫిజిక్స్ మాస్టారి చూపు ఇక్కడే బాగా కనిపిస్తుంది. పొలంలో చిన్న గిరి గీసి అందులో పంట కోసి తూకం వేస్తే దిగుబడి ఎప్పుడూ ఎక్కువగానే వచ్చేది. కారణం అంచు మీది మొక్కలు. అటా ఇటా అని సందేహం వస్తే కోసేవాడి చెయ్యి వాటిని లోపలికే లాక్కుంటుంది. గిరి ఎంత చిన్నదైతే ఈ తప్పు అంత పెద్దది. అందుకే ఆయన ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపి, వాళ్ల లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూసేవారు. ప్రయోగశాలలో పరికరాన్ని అనుమానించినట్టే పొలంలో మనిషినీ అనుమానించాలన్నది ఆయన పద్ధతి.

గూడూరు, నూజివీడు, నందిగామ బడుల మీదుగా విశాఖ చేరి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టింది 1941 జనవరిలో. నిజానికి ఆయన కలకత్తా వెళ్లింది మిలిటరీ సర్వే ఉద్యోగానికి. వయసు చాలదని అక్కడ వద్దన్నారు. బసలో పరిచయమైన ఒకాయన ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతుంటే, చూద్దామని వెంట వెళ్లి దరఖాస్తు పెట్టుకున్నారు. పాతికేళ్ల వయసులోనే, 1945లో, నిష్పాక్షిక అంచనాలో తేడా ఎంతకన్నా తగ్గదో చెప్పే, ‘క్రామర్-రావు’ హద్దుగా పేరుపడిన ఫలితం ప్రచురించారు. ఆ మరుసటి ఏడాది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు తేల్చడానికి మహలనోబిస్ దూరం తెలిసినవాళ్లను పంపమని కేంబ్రిడ్జ్ మ్యూజియం అడిగితే వెళ్లింది రావే. 1948లో అక్కడే పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. మహలనోబిస్ ప్రెసిడెన్సీ కాలేజీ వదిలిందీ ఆ ఏడే.