నిలిచిపోయిన కార్లు – నిన్నటి చరిత్ర, నేటి జాగ్రత్తలు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. ఉద్యోగ జీవితమంతా వాహనాల మరమ్మతు షెడ్డులో గడిపినవాణ్ని కనుక నాకు తెలిసిన విషయాన్నే ఎంచుకున్నాను. మా సుల్తాన్‌పూర్ వైపు గానీ, పటాన్‌చెరు, రామచంద్రాపురం కాలనీలలో గానీ నాలుగు వీధులు తిరిగితే గుడ్డ కప్పిన పాత కారు ఒకటైనా కనిపిస్తుంది. విచారిస్తే అది చాలాసార్లు మనవంటి పెన్షనరుదే అయి ఉంటుంది.

నడపకుండా నిలబెట్టిన కార్లకు మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ కంపెనీకి ఒక కారు ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన కాలం చేశారు. కారు ఆ తరువాత వచ్చింది. పసుపు రంగు వేసి, వెనుక సింహాసనం వంటి ఆసనం అమర్చిన ఆ 1912 నాటి సిల్వర్ ఘోస్ట్‌ను ఏడవ నిజాం బహు అరుదుగా వాడారు. దశాబ్దాలు మూలనపడి ఉన్న ఆ బండిని తరువాత బాగుచేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచారు. తక్కువ తిరిగిన బండి కొత్తగా ఉంటుందని మనం అనుకుంటాం. కానీ తిరిగే బండి అరిగిపోతే, తిరగని బండి తుప్పుపట్టి, ఎండిపోయి పాడవుతుంది.

ఇక మన తరం సంగతి. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ వారు తేలికరకం లారీలు తయారుచేశారు. 1989లో ఆ కంపెనీ మహీంద్రా వారి చేతికి వచ్చింది. లారీలు మన జిల్లాలోనే తయారైనా, కార్మికుడికి మాత్రం సైకిలు, కంపెనీ బస్సు, ఆ తరువాత స్కూటరే గతి. కారంటే అంబాసిడర్ లేదా ఫియట్. దానికీ డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరు 14న మారుతి కారు తొలి తాళంచెవిని ప్రధాని ఇందిరాగాంధీ అందజేసిన తరువాతనే మధ్యతరగతి ఇంటి ముందు కారు అన్న మాట నిజమయింది. ప్రావిడెంట్ ఫండు డబ్బుతో కొన్న ఆ బండిని అమ్మడానికి మనసొప్పదు. మారుతి 800 తయారీ, అంబాసిడర్ తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి.

పిల్లలు దూరాన స్థిరపడ్డారు. మన చూపు తగ్గింది. ఔటర్ రింగురోడ్డు మీద వేగం చూస్తే గుండె గుభేలుమంటుంది. అయినా "అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే పనికొస్తుంది" అని కారు ఉంచుకుంటాం. సరిగ్గా ఆ అర్ధరాత్రే అది మొరాయిస్తుంది.

మొదటి కారణం బ్యాటరీ. వాడకపోయినా అది తానంతట తానే దిగిపోతుంది. దిగిన స్థితిలో వారాల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ చార్జి చేసినా నిలవదు. వెనకటి అంబాసిడర్‌కైతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్ళం. కంప్యూటరుతో పెట్రోలు అందే బండ్లకు ఆ వీలు లేదు. పైగా నిలిపి ఉంచినా అవి కొద్దికొద్దిగా కరెంటు లాగుతుంటాయి.

దీనికి విరుగుడని చాలామంది రోజూ ఐదు నిమిషాలు ఇంజను ఆడించి ఆపేస్తారు. అంతలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. చెమ్మ ఆయిల్‌లోనూ, సైలెన్సరులోనూ మిగిలి తుప్పుకు దారితీస్తుంది. పది పదిహేను రోజులకొకసారి అరగంటసేపు రోడ్డు మీద నడపడమే మేలు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రెండవది పెట్రోలు. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. ఆ తరువాత ఇథనాల్ కలపడం మొదలై, 2022లో నూటికి 10 పాళ్ళకు, 2025 నాటికి 20 పాళ్ళకు చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలవ ఉంటే ఆ నీరు టాంకు అడుగుకు చేరుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు మెత్తబడి చీలుతాయి, కార్బ్యురేటరు మూసుకుపోతుంది. పెట్రోలు వాసన తగిలితే మెకానిక్ చూసేదాకా స్టార్ట్ చేయకండి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చుకొని సిలిండర్లను లోపల తుప్పుపట్టిస్తుంది. రెండేళ్ళకొకసారి మార్పించండి. వానాకాలంలో హ్యాండ్‌బ్రేకు వేసి నెలలు వదిలేస్తే డ్రమ్ములు పట్టేస్తాయి. గేరులో ఉంచి, చక్రాలకు ఇటుకలు పెట్టడం మంచిది. బండి తీసిన రోజు ముందు వీధిలోనే నెమ్మదిగా బ్రేకు తొక్కి చూడండి. పెడల్ కిందికి దిగిపోతుంటే ముంబయి రోడ్డు ఎక్కకండి.

టైరు మీద కోడిగుడ్డు ఆకారంలో నాలుగు అంకెలుంటాయి. 2419 అంటే 2019లో 24వ వారంలో తయారైనదని అర్థం. గాళ్ళు అరగకపోయినా రబ్బరు బీటలు వారుతుంది. పదేళ్ళు దాటిన టైరును నమ్మవద్దు. ఎలుకలు వైర్లు కొరికాయేమో బానెట్ ఎత్తి చూడటం మరవకండి.

కాగితాలకూ వయసుంటుంది. పాత మెదక్ జిల్లా "ఏపీ 23" నంబరు బండ్లలో పదిహేనేళ్ళు దాటినవి చాలా ఉన్నాయి. వాటికి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000కు పెరిగింది. ఇన్సూరెన్సు లేకుండా వీధి చివరిదాకా నడిపినా నేరమే.

చివరిగా నా మనవి. నెలకు రెండుసార్లయినా నడపగలిగితే కారును ఉంచుకోండి. లేకుంటే నడిపే మేనల్లుడికో మనవడికో అప్పగించండి, బండి బతుకుతుంది. అర్ధరాత్రి అవసరానికి 2005 నుండి 108 అంబులెన్సు ఉంది. ఆ నంబరు పెద్ద అంకెలతో రాసి ఫోను పక్కనే అంటించుకోండి.