నివాసం, సంస్థ, సేవ: స్నాతకోత్తర వైద్యవిద్యా ప్రవేశ వివాదాల చరిత్ర (1980–2025)

ఉపోద్ఘాతం

భారతదేశంలో వైద్యవిద్య మూడు అంచెలుగా సాగుతుంది. మొదటిది ఎం.బి.బి.ఎస్. పట్టా, రెండవది ఎం.డి., ఎం.ఎస్. వంటి స్నాతకోత్తర పట్టాలు, మూడవది డి.ఎం., ఎం.సి.హెచ్. అనే సూపర్ స్పెషాలిటీ పట్టాలు. పై అంచెకు వెళ్లేకొద్దీ సీట్లు తగ్గుతాయి, పోటీ పెరుగుతుంది. ఈ రెండవ అంచెలోకి ఎవరిని అనుమతించాలి అనే ప్రశ్న నాలుగున్నర దశాబ్దాలుగా సర్వోన్నత న్యాయస్థానం ముందుకు పదేపదే వస్తూనే ఉంది. ఈ వివాదాలను సాధారణంగా ప్రతిభకూ రిజర్వేషన్లకూ మధ్య ఘర్షణగా వర్ణించడం పరిపాటి. సామాజిక రిజర్వేషన్లకు సంబంధించిన తీర్పుల విషయంలో ఆ వర్ణన కొంతవరకు సరిపోతుంది. కానీ తీర్పులను వరుస క్రమంలో పరిశీలిస్తే మరొక ఘర్షణ కూడా కనిపిస్తుంది. అభ్యర్థి ఎక్కడివాడు, ఎక్కడ చదివాడు, ఎక్కడ పనిచేస్తాడు అనే మూడు ప్రశ్నలలో దేనికి విలువ ఇవ్వాలన్నదే ఆ ఘర్షణ. మొదటి ప్రశ్నను న్యాయస్థానం తోసిపుచ్చింది. రెండవదానిని నిలబెట్టింది. మూడవదాని విషయంలో చాలాకాలం తటపటాయించింది. ఈ క్రమాన్ని, అందులో తెలుగు ప్రాంతానికి ఉన్న విశిష్ట స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

తొలి ప్రశ్న: ఢిల్లీ డెబ్బై శాతం నియమం

1980లో తీర్పు వెలువడిన జగదీశ్ శరణ్ కేసు ఈ చరిత్రకు ప్రారంభ బిందువు. ఢిల్లీ విశ్వవిద్యాలయం తన స్నాతకోత్తర వైద్య సీట్లలో 70 శాతాన్ని తన పట్టభద్రులకే కేటాయించింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.బి.బి.ఎస్. చదివిన అభ్యర్థి ఆ నియమాన్ని సవాలు చేశాడు. ఇతర విశ్వవిద్యాలయాలు బయటివారికి తలుపులు మూసినప్పుడు తమ విద్యార్థులకు వేరే దిక్కు లేదన్నది ఢిల్లీ వాదన.

ప్రధాన తీర్పు రాసిన న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ రెండు సూత్రాలను పక్కపక్కన నిలిపారు. వెనుకబడిన ప్రాంతాలకు, వర్గాలకు అవకాశం కల్పించడం సమానత్వంలో భాగమే. అయితే చదువు స్థాయి పెరిగేకొద్దీ అటువంటి ప్రాధాన్యానికి చోటు కుంచించుకుపోవాలి, ఎందుకంటే నైపుణ్యం లోపిస్తే ఆ నష్టాన్ని చివరకు భరించేది రోగి. ఈ తర్కం ప్రకారం ఢిల్లీ నియమం అనుమానాస్పదమే అయినా, దానిని కొట్టివేయడానికి తగిన సమాచారం తమ ముందు లేదని ధర్మాసనం భావించింది. కేటాయింపు అవసరాన్నీ పరిమాణాన్నీ కాలపరిమితితో అధ్యయనం చేయించాలని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించింది. సూత్రాన్ని గట్టిగా ప్రకటించి, అమలులో మెతకగా వ్యవహరించే ఈ ధోరణి తరువాతి తీర్పులలోనూ కనిపిస్తుంది.

ప్రదీప్ జైన్: ఒకే నివాసం, యాభై శాతం

1984 జూన్ 22న వెలువడిన ప్రదీప్ జైన్ తీర్పు ఈ రంగానికి మూలస్తంభం. న్యాయమూర్తి పి.ఎన్. భగవతి రాసిన ఈ తీర్పు ఒక పదాన్ని సరిదిద్దడంతో మొదలవుతుందని చెప్పవచ్చు. రాష్ట్రాల నియమాలలో తరచుగా వాడే 'డొమిసైల్' అనే మాటకు రాష్ట్ర స్థాయిలో న్యాయపరమైన అర్థం లేదని, భారత పౌరుడికి ఉన్నది ఒకే డొమిసైల్ అని, అది యావత్ భారతదేశమని తీర్పు స్పష్టం చేసింది. రాష్ట్రాలు నిజానికి కోరుతున్నది స్థిర నివాసం మాత్రమే.

అక్కడినుంచి తీర్పు మూడు అంచెలకు మూడు కొలతలు నిర్ణయించింది. ఎం.బి.బి.ఎస్.లో నివాసం, సంస్థాగత ప్రాధాన్యం కలిపి 70 శాతం మించరాదు. ఎం.డి., ఎం.ఎస్. కోర్సులలో నివాస ప్రాతిపదికన కేటాయింపు పూర్తిగా నిషిద్ధం. అయితే అదే సంస్థలో లేదా విశ్వవిద్యాలయంలో ఎం.బి.బి.ఎస్. చదివినవారికి గరిష్ఠంగా 50 శాతం వరకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. సూపర్ స్పెషాలిటీలో అటువంటి ప్రాధాన్యం కూడా ఉండరాదు. 50 శాతమనే పరిమితిని ఇంకా తగ్గించే అవకాశాన్ని భారత వైద్య మండలికి వదిలారు.

ఈ తీర్పును అమలు చేయడానికి దినేశ్ కుమార్ కేసులో 1986లో మరొక మెట్టు కట్టారు. స్నాతకోత్తర సీట్లలో కనీసం 25 శాతాన్ని, ఎం.బి.బి.ఎస్. సీట్లలో 15 శాతాన్ని అఖిల భారత ప్రవేశపరీక్ష ద్వారా భర్తీ చేయాలని ధర్మాసనం ఆదేశించింది. నేడు 'అఖిల భారత కోటా' అని పిలిచే వ్యవస్థ శాసనసభలో పుట్టలేదు, న్యాయస్థానం ఆదేశంతో పుట్టింది. 2003 నవంబర్‌లో సౌరభ్ చౌదరి కేసును విచారించిన రాజ్యాంగ ధర్మాసనం స్నాతకోత్తర స్థాయిలో ఆ వాటాను 50 శాతానికి పెంచింది. సంస్థాగత ప్రాధాన్యం సమానత్వానికి విరుద్ధం కాదని కూడా అదే తీర్పు నిర్ధారించింది. తగ్గుతూ పోవలసిన మధ్యేమార్గంగా 1984లో నిర్ణయించిన పరిమితి ఆ విధంగా స్థిరమైన న్యాయసూత్రంగా మారింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఎం.బి.బి.ఎస్. స్థాయిలో రాష్ట్ర వాటా సీట్లు అత్యధికంగా ఆ రాష్ట్ర నివాసులకే దక్కుతాయి. అందువల్ల ఒక కళాశాల పట్టభద్రులలో అధికులు స్థానికులే అవుతారు. వారికి సంస్థ పేరుతో స్నాతకోత్తర ప్రాధాన్యం ఇస్తే, కాదని తోసిపుచ్చిన నివాసం దొడ్డిదారిన తిరిగి ప్రవేశించినట్లే. దీనివల్ల నష్టపోయేది పరాయి రాష్ట్రం వారు మాత్రమే కాదు. చదువు కోసం సొంత రాష్ట్రం విడిచి వెళ్లిన అభ్యర్థి కూడా తిరిగి వచ్చేటప్పటికి బయటివాడవుతాడు.

తెలుగు ప్రాంతం: మినహాయింపు వెనుక చరిత్ర

ప్రదీప్ జైన్ తీర్పు వెలువడిన నెల రోజులకే, 1984 జూలైలో, రీటా నిరంకారి కేసులో న్యాయస్థానం ఒక వివరణ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, జమ్మూ కశ్మీర్ రాష్ట్రాలకు రాజ్యాంగంలోనే ప్రత్యేక నిబంధనలు ఉన్నందున వాటికి ఈ తీర్పు వర్తించదని ఆ వివరణ సారాంశం. ఆంధ్రప్రదేశ్ విషయంలో ఆ నిబంధన 371-డి అధికరణం.

ఈ అధికరణం న్యాయశాస్త్ర చర్చల నుంచి కాక ఉద్యమాల నుంచి పుట్టింది. 1969 తెలంగాణ ఉద్యమం, ముల్కీ నిబంధనలపై 1972 అక్టోబర్‌లో వచ్చిన సర్వోన్నత న్యాయస్థానం తీర్పు, ఆ వెంటనే చెలరేగిన జై ఆంధ్ర ఉద్యమం, 1973 సెప్టెంబర్‌లో కుదిరిన ఆరు సూత్రాల పథకం దీనికి నేపథ్యం. ముప్పై రెండవ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371-డి 1974 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద జారీ అయిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతంలోని సీట్లలో 85 శాతాన్ని స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. రాజ్యాంగంలోని ఇతర నిబంధనలు ఏమి చెప్పినా ఈ అధికరణమే చెల్లుతుందని దాని పదవ ఖండం చెబుతుంది.

దీని ఫలితంగా, ఇతర రాష్ట్రాలు సంస్థ పేరుతో పరోక్షంగా సాధించిన దానిని తెలుగు ప్రాంతం స్థానికత పేరుతో ప్రత్యక్షంగా పొందింది. దానికి మూల్యం కూడా చెల్లించింది. రాష్ట్రం తన సీట్లను అఖిల భారత కోటాకు ఇవ్వలేదు కనుక రాష్ట్ర అభ్యర్థులకు ఆ కోటాలో దీర్ఘకాలం చోటు దక్కలేదు. రాష్ట్ర విభజన అనంతరమే ఉభయ రాష్ట్రాలూ ఆ వ్యవస్థలో చేరాయి.

ఈ కవచం సూపర్ స్పెషాలిటీ స్థాయిలోనూ నిలిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆ కోర్సులను స్థానికులకు పరిమితం చేయడాన్ని ఇతర రాష్ట్రాల అభ్యర్థులు సవాలు చేయగా, 2015 అక్టోబర్‌లో సందీప్ కన్సుర్కర్ కేసులో న్యాయస్థానం 371-డి కారణంగా జోక్యం చేసుకోలేదు. ఉన్నత స్థాయి వైద్యవిద్యలో ఇటువంటి కేటాయింపులను జాతీయ ప్రయోజనం దృష్ట్యా పునరాలోచించాలన్న ఆకాంక్షను మాత్రం వ్యక్తం చేసింది. సూత్రం ఒకటే అయినా రాజ్యాంగ పాఠం వేరైతే ఫలితం వేరవుతుందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

అయితే స్థానికతకు రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చిన ప్రధాన నిర్వచనం పుట్టుకపై ఆధారపడలేదు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాల చదువును అది లెక్కిస్తుంది. స్నాతకోత్తర ప్రవేశానికి అర్హత పరీక్ష ఎం.బి.బి.ఎస్. కనుక, వరంగల్‌లో పుట్టి ఇంటర్ వరకు అక్కడే చదివిన విద్యార్థిని ఎం.బి.బి.ఎస్. కోసం వేరే రాష్ట్రానికి వెళితే సొంత ఊరిలో ఆమె స్థానికత ప్రశ్నార్థకమవుతుంది. తెలుగు రాష్ట్రాలు అఖిల భారత కోటాలో చేరడంతో ఇటువంటివారి సంఖ్య పెరగడం సహజం. విభజన చట్టం 95వ సెక్షన్ కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌లో ముగిసింది. అదే ఏడాది తెలంగాణ తన స్నాతకోత్తర ప్రవేశ నియమాలను సవరించగా ఈ ప్రశ్నే రాష్ట్ర హైకోర్టుకు చేరింది. స్థానికుల కోసం పుట్టిన నియమాన్ని స్థానికులే సవాలు చేయవలసి రావడం ఈ చరిత్రలో గమనించదగిన మలుపు.

ప్రతిభ, ప్రమాణం, అధికారం

ఇదే కాలంలో మరొక పాయ కూడా సమాంతరంగా సాగింది. 1999 ఆగస్టు 10న ప్రీతి శ్రీవాస్తవ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కనీస అర్హత మార్కుల సమస్యను పరిశీలించింది. ఉత్తరప్రదేశ్‌లో సాధారణ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 20 శాతం అర్హతగా నిర్ణయించడం అంత అంతరం ఉన్నందున చెల్లదని మెజారిటీ తీర్పు చెప్పింది. ఉన్నత విద్యా ప్రమాణాలను నిర్ణయించే అధికారం కేంద్ర జాబితాలోని 66వ అంశం కింద కేంద్రానిదని, ఉమ్మడి జాబితాలోని 25వ అంశం దానికి లోబడి ఉంటుందని స్పష్టం చేసింది. తరువాతి పాతికేళ్ల వివాదాలలో ఈ రెండు అంకెలే ప్రధాన ఆయుధాలయ్యాయి.

ఉమ్మడి ప్రవేశపరీక్ష 'నీట్' కథ దీనికి కొనసాగింపు. వైద్య మండలి 2010లో తెచ్చిన నిబంధనలను 2013 జూలై 18న న్యాయస్థానం 2–1 మెజారిటీతో కొట్టివేసింది. 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే చట్టసవరణ ద్వారా నీట్‌కు శాసన బలం లభించింది.

ప్రతిభ అనే మాటకు అర్థం కూడా ఈ క్రమంలో మారింది. అఖిల భారత కోటాలో ఇతర వెనుకబడిన వర్గాలకు 27 శాతం కేటాయింపును సమర్థిస్తూ 2022 జనవరిలో నీల్ ఆరేలియో నూన్స్ కేసులో న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎ.ఎస్. బోపన్నల ధర్మాసనం, పరీక్ష మార్కులు అభ్యర్థి సామర్థ్యాన్ని సంపూర్ణంగా ప్రతిబింబించవని, ప్రతిభను సామాజిక సందర్భంలో అర్థం చేసుకోవాలని పేర్కొంది. 1980లో ప్రతిభకూ ప్రాధాన్యానికీ మధ్య గీసిన గీత ఇక్కడికి వచ్చేసరికి పలచబడింది.

సేవ అనే మూడవ ప్రమాణం

నివాసం, సంస్థ రెండూ అభ్యర్థి గతాన్ని చూస్తాయి. ప్రభుత్వ సర్వీసులోని వైద్యులకు కల్పించే అవకాశం మాత్రమే రోగి వైపు చూస్తుంది. వైద్య మండలి నిబంధనలు మారుమూల, క్లిష్ట ప్రాంతాలలో పనిచేసినవారికి ఏడాదికి పది శాతం చొప్పున గరిష్ఠంగా 30 శాతం వరకు ప్రోత్సాహక మార్కులను అనుమతించాయి. పట్టా కోర్సులలో ఇంతకు మించి ప్రత్యేక కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని 2016 ఆగస్టులో దినేశ్ సింగ్ చౌహాన్ తీర్పు తేల్చింది.

నాలుగేళ్ల తరువాత, 2020 ఆగస్టు 31న, తమిళనాడు మెడికల్ ఆఫీసర్స్ అసోసియేషన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ వైఖరిని సరిదిద్దింది. ప్రమాణాలు నిర్ణయించడమే వైద్య మండలి పని అని, ప్రవేశాలలో వాటాలు నిర్ణయించడం దాని పరిధి కాదని చెప్పింది. సర్వీసు వైద్యులకు కోటా కల్పించే అధికారం 25వ అంశం కింద రాష్ట్రాలకు ఉందని, అలా చదివినవారు తరువాత గ్రామీణ, గిరిజన, కొండ ప్రాంతాలలో పనిచేసేలా షరతు ఉండాలని కూడా పేర్కొంది. అధికారం ఉండటం, దానిని వినియోగించడం వేర్వేరు విషయాలు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్వీసు కోటాను తగ్గించినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు ఆందోళనకు దిగడం ఇందుకు నిదర్శనం.

తన్వీ బెహ్ల్: వృత్తం పూర్తి

2025 జనవరి 29న తన్వీ బెహ్ల్ కేసులో త్రిసభ్య ధర్మాసనం స్నాతకోత్తర వైద్య ప్రవేశాలలో నివాస ప్రాతిపదిక 14వ అధికరణానికి విరుద్ధమని మరోసారి ప్రకటించింది. వివాదం చండీగఢ్ ప్రభుత్వ వైద్య కళాశాలలోని 64 సీట్ల గురించి. వాటిలో 32 సంస్థ పట్టభద్రులకు, 32 చండీగఢ్ నివాసులకు కేటాయించారు. రెండవ భాగం చెల్లదని, మొదటి భాగం చెల్లుతుందని తీర్పు. అప్పటికే ప్రవేశం పొందినవారికి ఇబ్బంది కలగకుండా రక్షణ కల్పించారు. నలభై ఏళ్ల తరువాత కూడా ప్రదీప్ జైన్ కొలతలే నిలిచాయి.

ముగింపు

ఈ తీర్పుల క్రమం మూడు విషయాలను తెలుపుతుంది. మొదటిది, సంస్థాగత ప్రాధాన్యం కొనసాగినంతకాలం నివాసాన్ని నిషేధించడం అసంపూర్ణమే. రెండవది, తెలుగు రాష్ట్రాల మినహాయింపు సమానత్వ సూత్రానికి అపవాదం కాదు, ఒక రాజకీయ ఒప్పందానికి లభించిన రాజ్యాంగ రూపం. కనుక దాని మంచిచెడ్డలను ఢిల్లీ, చండీగఢ్ నియమాల కొలతతో కాక, 1973 నాటి అసమానతలు నేడు ఏ రూపంలో ఉన్నాయన్న కొలతతో అంచనా వేయాలి. మూడవది, రోగి పేరుతో మొదలైన చర్చలో వైద్యుడు ఎక్కడ పనిచేస్తాడన్న ప్రశ్న అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తింపు పొందింది. 1980లో కృష్ణయ్యర్ రోగిని గుర్తుచేసింది నైపుణ్యం గురించి. నైపుణ్యం ఉన్న వైద్యుడు అందుబాటులో లేని ఏజెన్సీ గ్రామంలో ఆ వాదన సగమే నిజం. రానున్న వివాదాలలో స్థానికత నిర్వచనం ఎలా మారినా, ఆ మిగిలిన సగానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత శాసనకర్తలపైనా న్యాయస్థానాలపైనా ఉంది.