ఉద్దేశాన్ని చదివేదెవరు?

ప్రాక్టికల్ షూటింగ్ మన చర్చల్లోకి రాని ఆట. పరుగెత్తుతూ, అడ్డుగోడల చాటునుంచి, గడియారంతో పోటీపడుతూ లక్ష్యాలను కొట్టాలి. పోలీసులూ మాజీ సైనికులూ పెంచిన ఈ మగ ఆటతో మనకేం పని అనిపించవచ్చు. కానీ తెలివి ఎక్కడ ఆగి మోసం ఎక్కడ మొదలవుతుంది, ఆ గీత గీసేదెవరు అన్న తగువు దాని చరిత్ర పొడుగునా ఉంది. ఆ తగువు మనకూ తెలిసినదే.

1950ల చివర కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో జెఫ్ కూపర్ అనే మాజీ మెరైన్ అధికారి పోటీలు నడిపాడు. చాలామంది తుపాకీని నడుము దగ్గరే పట్టి ఒంటిచేత్తో కాల్చేవాళ్లు. జాక్ వీవర్ అనే డిప్యూటీ షెరీఫ్ రెండు చేతులతో కంటి ఎత్తుకు లేపి, గురిచూసి కాల్చి 1959లో గెలిచాడు. అతను మీరింది నియమాన్ని కాదు, అలవాటును. తర్వాత కూపరే ఆ పద్ధతికి ప్రచారకుడయ్యాడు. 1976లో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియాలో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఈ స్వేచ్ఛనే సూత్రం చేసుకుంది: సమస్య ఇస్తాం, పరిష్కారం మీ ఇష్టం.

స్వేచ్ఛ ఉన్నచోట సందులు వెతికేవాళ్లూ ఉంటారు. ఆట కోసమే తయారైన ఖరీదైన తుపాకులు వచ్చాయి. అది నచ్చనివాళ్లు 1996లో ఇంటర్నేషనల్ డిఫెన్సివ్ పిస్టల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. వాళ్ల నియమావళిలో 'ఫెయిల్యూర్ టు డూ రైట్' అనే ఇరవై సెకన్ల శిక్ష ఉంది. సరైన పని చేయకపోవడమే నేరం! ఒక ఉదాహరణ చూడండి. గురి తప్పిందేమోనన్న అనుమానంతో అదనంగా ఒక తూటా కాల్చితే తప్పులేదు. మేగజీన్‌ను అనువైన చోట మార్చుకోవడానికి అదే తూటాను కావాలని వృథా చేస్తే తప్పు. చేసిన పని ఒకటే. తేడా మనసులో ఉంది. ఆ మనసును రెఫరీ చదవాలి.

మనం ఆగాల్సింది ఇక్కడే. స్త్రీవాద కవిత్వం మీద 'నీలి' ముద్ర వేసినప్పుడు జరిగిందీ ఇదే. కవితలో ఏముందన్నది పక్కకు పోయి, రాసినామె ఉద్దేశం విచారణకొచ్చింది. రాయని మర్యాదలతో తీర్పు చెప్పేచోట అప్పీలు ఉండదు.

అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం మరో దారి ఎంచుకుంది. నిర్వాహకులు ఊహించని సందు బయటపడితే, ఫలానా కదలిక నిషిద్ధమని రేంజ్ మాస్టర్ ప్రకటించవచ్చు. ఆ ప్రకటన నడిచే దారిని మూస్తుంది, నడిచినవారి మనసును తవ్వదు. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది.

అయితే రాసి ఉన్నంత మాత్రాన నియమం న్యాయమైపోదు. ఒలింపిక్ షూటింగ్‌నే చూడండి. 1992 బార్సిలోనాలో స్కీట్ పోటీ స్త్రీ పురుషులిద్దరికీ కలిపి జరిగింది. చైనాకు చెందిన జాంగ్ షాన్ మగవాళ్లందరినీ ఓడించి స్వర్ణం గెలిచింది. ఏ సందూ వెతకలేదు, ఏ నియమాన్నీ వంచలేదు. 1996 అట్లాంటాలో స్కీట్ పురుషులకు మాత్రమే పరిమితమైంది. స్త్రీలకు విడిగా పోటీ 2000 సిడ్నీలో గానీ రాలేదు. గెలిచిన మనిషికి తన పతకాన్ని నిలబెట్టుకునే బరే లేకుండా పోయింది.

నియమాన్ని వంచినవాళ్ల గురించి ఆటల చరిత్ర చాలా మాట్లాడుతుంది. వంచాల్సిన అవసరమే లేనివాళ్ల గురించి తక్కువ మాట్లాడుతుంది: నియమావళి రాసే బల్ల దగ్గర వాళ్లే కూర్చుంటారు. ఆటలోకి రానివ్వమని అడగడంతో పాటు, ఆ బల్ల దగ్గర కుర్చీ కూడా మనం అడగాలి.