సార్టింగ్‌కి మెమరీ ఎంత? 1979 నాటి ఒక అంచనా కథ

పెద్ద డేటాని సార్ట్ చెయ్యడానికి ఎంత మెమరీ పడుతుందో డేటాబేస్‌కి ముందే ఎలా తెలుస్తుంది? తెలీదు. పెళ్లికి ఎంతమంది వస్తారో తెలియకుండా ఎసరు పెట్టినట్టే, అంచనా వేస్తుంది.

1945లోనే జాన్ వాన్ న్యూమన్ మెర్జ్ సార్ట్ ప్రోగ్రామ్ రాశాడు. తర్వాత టేపుల కాలంలో మెమరీలో పట్టినంత సార్ట్ చేసి, టేపు మీద రాసి, చివర్లో ఆ ముక్కలన్నీ కలిపేవాళ్లు.

1970ల్లో ఐబీఎం వాళ్ల సిస్టమ్ ఆర్ వచ్చింది. క్వెరీ ఎలా నడపాలో ఇంజినే నిర్ణయించడం మొదలైంది. దాని మీద 1979లో పాట్రీషియా సెలింజర్ బృందం ఒక పేపర్ రాసింది. ‘ఇంతకంటే ఎక్కువ’ అనే షరతుకి వివరాలు లేకపోతే, మూడో వంతు వరసలు వస్తాయనుకోమన్నారు. ఆ సంఖ్యకి పెద్ద అర్థం లేదని వాళ్లే ఒప్పుకున్నారు కూడా!

ఇవాళ పోస్ట్‌గ్రెస్ సోర్స్ కోడ్ తెరవండి. 0.3333 ఇంకా అక్కడే ఉంది. వరసల అంచనాని వరస సైజుతో గుణించి, సార్ట్ మెమరీలో పడుతుందో లేదో చూస్తుంది. పరిమితి పేరు వర్క్ మెమ్, డిఫాల్ట్ 4 ఎంబీ.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను దాన్ని 1 జీబీ చేశా. క్వెరీ మొత్తానికి అనుకున్నా. కాదు, ఒక్కో సార్ట్‌కి! రాత్రి రిపోర్టులన్నీ ఒకేసారి నడిచాయి, సర్వర్ పడిపోయింది.

అందుకే పెంచేముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చూడండి. ‘ఎక్స్‌టర్నల్ మెర్జ్’ అని కనిపిస్తే, సార్ట్ మెమరీలో పట్టక డిస్క్ మీదకి వెళ్లిందన్నమాట. అంచనా తప్పినా పని ఆగలేదు. కాపాడింది ఆ పాత టేపుల పద్ధతే.