బళ్ళాపురం సీమలో నరకబోధ: 18వ శతాబ్ది ఆధారాల పరిశీలన

మురుగమల్ల, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల తెలుగువారికి దుష్టశిక్షణ గురించి తొలి క్రైస్తవ బోధకులు ఏం చెప్పారు? ఆ బోధ ఇక్కడి నమ్మకాలతో ఎక్కడ కలిసింది, ఎక్కడ విడిపోయింది? లభిస్తున్న ఆధారాలు కొద్దిపాటివి, పైగా ఏకపక్షమైనవి. కనుక వాటి బలాబలాలు ముందుగా చూడాలి.

1. ప్రధాన ఆధారం పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ లేఖలు. ఇవి 1702 నుంచి 1776 వరకు పారిస్‌లో 34 సంపుటాలుగా వెలువడిన జెస్యూట్ లేఖల సంకలనంలో ఉన్నాయి. కొన్ని లేఖలపై ‘బల్లాబరం’ అని మాత్రమే ఉన్నందున అది దొడ్డబళ్ళాపురమా, చిక్కబళ్ళాపురమా అన్న సందేహం సహజం. ఈ మిషన్ బోధకుడు ల గాక్ 1709లో రాసిన లేఖలో మాత్రం ‘చిన్నబల్లాబరం’ అని ఉంది. దానిని చిక్కబళ్ళాపురంగా గుర్తించడం సమంజసం. అయితే ఈ లేఖలు ఐరోపాలోని దాతల కోసం రాసినవి, సంపాదకుల చేతి మీదుగా అచ్చయినవి. శ్రోతలు నిజంగా ఏమన్నారో తేల్చడానికి వీటినే ప్రమాణంగా తీసుకోలేము.

2. ఈ మిషన్‌కే చెందిన కాల్మెత్ 1730 దశకంలో వేదప్రతులు సేకరించి పారిస్‌కు పంపాడు. దేవుడొక్కడే అన్న భావంతో పాటు ముక్తి, దండన అనే భావాలు కూడా వేదంలో ఉన్నాయని, వాటినే వాదానికి వాడుకుంటున్నామని అతడు రాశాడు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఇదే. పాపికి శిక్ష ఉంటుందన్న మాట ఇక్కడివారికి కొత్త కాదని బోధకుడే ఒప్పుకున్నట్టయింది. యముడు, చిత్రగుప్తుడు, రౌరవం, కుంభీపాకం అప్పటికే పురాణశ్రవణం ద్వారా జనానికి తెలిసినవే.

3. మరి తగవు ఎక్కడ? బహుశా శిక్ష కాలపరిమితి దగ్గర. పురాణాల నరకానికి గడువుంది. పాపఫలం తీరాక జీవుడు మళ్ళీ పుడతాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయం చివర చెప్పిన శిక్షకు అంతం లేదు. అదే మిషన్‌కు చెందిన బూషె, బిషప్ హ్యూయేకు రాసిన లేఖలలో ఒకదానిని పునర్జన్మ విషయానికే కేటాయించాడు. అసలు అడ్డంకి ఎక్కడుందో అతడు గుర్తించాడనే అనుకోవలసి ఉంటుంది. ఒక్క జన్మలోని తప్పుకు అనంతమైన శిక్ష న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు తప్పక ఎదురై ఉంటుందని నా అభిప్రాయం, అయితే ఇది ఊహే.

4. ఇక్కడ కథోలిక బోధలోని శుద్ధీకరణ స్థలాన్ని మరువరాదు. 1439లో ఫ్లోరెన్స్ సభ, 1563లో ట్రెంట్ సభ ధ్రువీకరించిన ఈ సిద్ధాంతం ప్రకారం స్వల్ప దోషాలతో మరణించినవారి బాధకు ముగింపు ఉంది. గడువున్న నరకానికి అలవాటుపడిన శ్రోతకు ఇది కొంత దగ్గరగా తోచి ఉండవచ్చు. మరోవైపు, 1746–47లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన బెంజమిన్ షుల్జ్ లూథరన్. ఆ సంప్రదాయంలో ఈ మధ్యస్థితికి చోటు లేదు. అందువల్ల ‘క్రైస్తవ నరకం’ అంటూ ఒకే బోధ తెలుగువారికి చేరిందనడం సరికాదు.

5. చింతామణి తాలూకా కైవారం నారాయణప్ప కాలజ్ఞానాన్ని ఈ చర్చలోకి తేవాలనిపించడం సహజమే. సంప్రదాయం ఆయన జీవితకాలాన్ని 1726–1836గా చెబుతుంది. 110 ఏళ్ళ ఆయుర్దాయం కనుక ఈ తేదీలను జాగ్రత్తగా వాడాలి. కాలం సరిపోయినంత మాత్రాన ప్రభావం ఉన్నట్టు కాదు. దుష్టనాశనం గురించి జోస్యం చెప్పే కాలజ్ఞాన రచన తెలుగు, కన్నడ నేలల్లో అంతకు ముందునుంచే ఉంది.

కాబట్టి, ప్రస్తుత ఆధారాలను బట్టి, బళ్ళాపురం సీమకు జెస్యూట్లు తెచ్చింది నరకభావన కాదు, దాని శాశ్వతత్వం. ఈ నిర్ణయం కూడా బోధకుల కాగితాలపైనే ఆధారపడింది. విన్నవారి పక్షం ఇంకా వినవలసే ఉంది. పాత కథోలిక కుటుంబాల ఇళ్ళలో జపాల పుస్తకాలు, తాటాకు ప్రతులు, చేతిరాత ప్రశ్నోత్తరాలు ఏవైనా ఉంటే, దయచేసి వాటిని పారవేయక ఏదైనా గ్రంథాలయానికి చూపించండి.