సి లైబ్రరీలలో బఫర్ యాజమాన్యం: ‘పత్తికొండ’ అనే మాట ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సి భాషలో రాసిన లైబ్రరీ తనను వాడుకొనే ప్రోగ్రాముతో మెమరీని ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు, దాన్ని ఎవరు కేటాయించాలి, ఎవరు విడుదల చేయాలి అనే ప్రశ్నకు వివిధ కాలాల్లో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు లిపిని తెరపై కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఇందుకు ప్రధాన ఉదాహరణ. యాజమాన్యాన్ని సరళం చేయడమంటే బాధ్యతను తొలగించడం కాదని, దాన్ని ఇంటర్‌ఫేస్‌లోనే ఒకరి పేర నమోదు చేయడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సి భాష, బఫర్, యాజమాన్యం, హార్ఫ్‌బజ్, యూనికోడ్, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం:
కర్నూలు జిల్లా పడమటి భాగంలోని పత్తికొండ చరిత్ర విద్యార్థులకు థామస్ మన్రో మరణస్థలంగా పరిచితం. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా (1800–1807), తరువాత మద్రాసు గవర్నరుగా పనిచేసిన మన్రో 1827 జూలై 6న కలరాతో ఇక్కడ మరణించాడు. ఆయన పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలో శిస్తు ఒప్పందం మధ్యవర్తితో కాక నేరుగా రైతుతో కుదిరేది. పట్టా రైతు పేర ఉండేది. ఏ భూమికి ఎవరు జవాబుదారో పత్రమే చెప్పేది.

సి భాషలో మెమరీకి ఇటువంటి పట్టా లేదు. పాయింటరు మెమరీ చిరునామాను మాత్రమే చెబుతుంది. ఆ చోటు పరిమాణమెంత, దాన్ని విడుదల చేయవలసినవారెవరు అన్నది చెప్పదు. విడుదల చేయకపోతే మెమరీ వృథాగా నిలిచిపోతుంది. రెండుసార్లు విడుదల చేసినా, విడుదల చేశాక మళ్లీ వాడినా ప్రోగ్రాం దెబ్బతింటుంది. లైబ్రరీని రాసేవారు ఒకరు, వాడేవారు మరొకరు కావడంవల్ల ఈ ప్రశ్న వారి మధ్య ఉన్న సరిహద్దులోనే, అంటే ఇంటర్‌ఫేస్‌లోనే, తేలాలి.

2. తొలినాటి మూడు సంప్రదాయాలు:
మొదటిది, పిలిచే ప్రోగ్రామే బఫర్‌ను సమకూర్చడం. ఇన్‌పుట్ నుంచి ఒక వరుసను చదివే ‘గెట్స్’ ఫంక్షన్ బఫర్ చిరునామాను తీసుకుంటుంది, పరిమాణాన్ని అడగదు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ వార్మ్ ఈ లోపాన్నే వాడుకొంది. ‘ఫింగర్’ సేవను అందించే ప్రోగ్రాములో 512 బైట్ల బఫర్‌లోకి 536 బైట్లు పంపింది. చివరకు 2011 నాటి సి ప్రమాణం గెట్స్‌ను తొలగించింది. పరిమాణాన్ని కూడా తీసుకొనే ‘ఎఫ్‌గెట్స్’, ‘ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్’ ఈ సంప్రదాయంలోని సురక్షిత రూపాలు.

రెండవది, లైబ్రరీ తన సొంత స్థిర బఫర్‌ను చూపడం. తేదీని పాఠంగా మార్చే ‘సి-టైమ్’ ఇందుకు ఉదాహరణ. ఇక్కడ విడుదల బాధ్యత ఎవరికీ లేదు. కానీ రెండవసారి పిలిస్తే మొదటి ఫలితం చెరిగిపోతుంది. రెండు తేదీలను ఒకే వాక్యంలో ముద్రించబోతే రెండుచోట్లా ఒకే తేదీ కనిపిస్తుంది.

మూడవది, లైబ్రరీ కేటాయించగా పిలిచినవారు విడుదల చేయడం. ‘స్ట్ర్‌డప్’, ‘గెట్‌లైన్’ ఈ కోవకు చెందినవి. ఇందులో పరిమాణం సమస్య తీరుతుంది గాని, విడుదల బాధ్యత డాక్యుమెంటేషన్‌ను చదివినవారికే తెలుస్తుంది. పైగా విండోస్‌లో ఒక లైబ్రరీ వాడే సి రన్‌టైమ్ ఒకటి, ప్రోగ్రాము వాడేది మరొకటి కావచ్చు. ఒకటి కేటాయించిన మెమరీని రెండవది విడుదల చేయడం దోషం. అందువల్లే చాలా లైబ్రరీలు తమ విడుదల ఫంక్షన్‌ను తామే అందిస్తాయి.

3. తెలుగు మాట, బఫర్ పరిమాణం:
తెలుగు విషయంలో మొదటి సంప్రదాయం ఎక్కడ చిక్కుబడుతుందో ‘పత్తికొండ’ అనే మాటే చూపుతుంది. చదువరికి ఇందులో కనిపించే అక్షరాలు నాలుగు: ప, త్తి, కొం, డ. యూనికోడ్‌లో ఇవి ప, త, పొల్లు, త, గుడి, క, ఒత్వం, సున్న, డ అనే తొమ్మిది సంకేతాలు. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఈ మాటకు 9 బైట్లు చాలు. యుటిఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కనుక 27 బైట్లు, ముగింపు గుర్తుతో 28 కావాలి. తెరపై గీయవలసిన ఆకృతుల సంఖ్య ఈ అంకెల్లో దేనితోనూ సమానం కానక్కరలేదు. ‘త్తి’ని ఒకే ఆకృతిగా చూపాలా, గుడి ఉన్న భాగాన్ని, ఒత్తును వేరువేరుగా పెట్టాలా అన్నది ఫాంటు నిర్ణయిస్తుంది. కాబట్టి ఫలితానికి ఎంత చోటు కావాలో పిలిచే ప్రోగ్రాముకు ముందుగా తెలియదు.

4. హార్ఫ్‌బజ్ పరిష్కారం:
బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ప్రధాన రచయితగా రూపొందిన హార్ఫ్‌బజ్‌ను ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ వాడుతున్నాయి. దాని 1.0 రూపం 2015లో వెలువడింది. లోపలి అమలు సి++లో ఉన్నా, బయటి ఇంటర్‌ఫేస్ సి భాషలోనే ఉంది.

ఇందులో పాఠానికి ఒక నియమం, ఫాంటుకు మరొక నియమం కనిపిస్తాయి. పాఠాన్ని బఫర్‌కు అందించగానే లైబ్రరీ దాన్ని సంకేతాలుగా విప్పి తన వద్ద ఉంచుకుంటుంది. ‘పత్తికొండ’ అనే 27 బైట్లను ప్రోగ్రాము ఆ తరువాత ఎప్పుడైనా విడుదల చేయవచ్చు. ఆకృతుల జాబితా బఫర్ సొత్తు. ప్రోగ్రాము దాన్ని ఎరువు తీసుకొని చదువుతుంది. బఫర్‌లోని విషయాన్ని మార్చనంతవరకే ఆ ఎరువు చెల్లుతుంది.

ఫాంటు ఫైలు లక్షల బైట్లు ఉండవచ్చు కాబట్టి ప్రతిసారీ నకలు తీయడం దుబారా. అందుకే ఫాంటు డేటాను ‘బ్లాబ్’ అనే వస్తువులో చుట్టేటప్పుడు ప్రోగ్రాము రెండు సంగతులు చెప్పాలి. మొదటిది పద్ధతి: నకలు తీయాలా, చదవడానికే ఇస్తున్నామా, మార్చుకోవచ్చా, చదవడానికి ఇచ్చినా అవసరమైతే మార్చదగినదిగా చేసుకోవచ్చా అనే నాలుగింటిలో ఒకటి. రెండవది, పని ముగిశాక లైబ్రరీ పిలవవలసిన విడుదల ఫంక్షన్. బ్లాబ్ సృష్టి విఫలమైనా ఆ ఫంక్షన్ పిలవబడుతుంది. అంటే డేటాను అప్పగించిన క్షణం నుంచి ప్రోగ్రాముకు బాధ్యత మిగలదు.

బ్లాబ్, ఫేస్, ఫాంట్, బఫర్ అన్నింటికీ సృష్టి, పట్టు, విడుపు అనే మూడు ఫంక్షన్లు ఒకే తీరులో ఉంటాయి. ఎంతమంది పట్టుకొని ఉన్నారో లెక్క లోపల నడుస్తుంది. చివరి విడుపుతో వస్తువు తొలగుతుంది. మెమరీ దొరకనప్పుడు శూన్య పాయింటరుకు బదులు ఏ పనీ చేయని ఖాళీ వస్తువు తిరిగివస్తుంది. దానిపై విడుపును పిలిచినా హాని లేదు.

5. పరిమితులు:
2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’కు సంబంధించిన ఒక సంకేత క్రమం ఆపిల్ ఫోన్లలో అనువర్తనాలను కూల్చివేసింది. లోపం ఆపిల్ సొంత కోర్‌టెక్స్ట్ వ్యవస్థలోనిది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది. మెమరీ చెడిపోయే లోపాన్ని ఇన్‌పుట్ తనిఖీని మెరుగుపరచి పరిష్కరించినట్లు ఆపిల్ ప్రకటించింది. యాజమాన్యం స్పష్టమైనంత మాత్రాన ఇటువంటి లోపాలన్నీ తొలగవని ఇది గుర్తుచేస్తుంది. స్పష్టతకు వెల కూడా ఉంది: నకలుకు మెమరీ, పట్టు-విడుపుల లెక్కకు కాలం ఖర్చవుతాయి. రైత్వారీలోనూ పట్టా ఎవరి పేర ఉందో తేలినంత మాత్రాన శిస్తు భారం తగ్గలేదు.

6. ఉపసంహారం:
గెట్స్ నుంచి హార్ఫ్‌బజ్ దాకా జరిగిన మార్పు ఫంక్షన్ల సంఖ్యలో కాదు, బాధ్యతను నమోదు చేసే చోటులో జరిగింది. తొలుత అది వాడేవారి జ్ఞాపకంలోను, తరువాత డాక్యుమెంటేషన్‌లోను ఉండేది. ఇప్పుడు ఇంటర్‌ఫేస్ ఆకృతిలోనే ఉంది. చిన్న పాఠాన్ని నకలు తీసుకోవడం, పెద్ద డేటాను షరతు చెప్పి ఎరువు తీసుకోవడం, ప్రతి సృష్టికి ఒకే విడుపు ఉండటం అనే మూడు సూత్రాలు తెలుగు భాషా సాధనాలను నిర్మించే పరిశోధకులకూ వర్తిస్తాయి. మన విశ్వవిద్యాలయాల్లో తయారయ్యే అక్షర పరిష్కర్తలు, పద విశ్లేషకులు ఇతరులు వాడుకోదగిన లైబ్రరీలు కావాలంటే, వాటి ఇంటర్‌ఫేస్‌లో ముందుగా తేల్చవలసింది ఈ ప్రశ్నే.