ఐదడుగుల నీడ

సింగపూర్ లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల పాత వీధుల్లో మిట్టమధ్యాహ్నం కూడా గొడుగు తెరవకుండా తిరగొచ్చు. ప్రతి కొట్టుకీ పై అంతస్తు ముందుకు జరిగి స్తంభాల మీద నిలబడి ఉంటుంది. దాని కింద ఒక నడవ. ఈ కొట్టు నడవ పక్క కొట్టు నడవలో కలుస్తుంది, అది ఆ పక్కదాంట్లో. స్థలం ఎవరి సొంతం వాళ్లదే, నడిచే హక్కు మాత్రం ఊరందరిదీ. ఇదేదో దానధర్మం కింద పుట్టింది కాదు, ప్రభుత్వం పెట్టిన నిబంధన. పెట్టి 200 ఏళ్లు దాటింది.

1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ స్థావరం పెట్టిన స్టాంఫర్డ్ రాఫిల్స్, 1822లో పట్నాన్ని పద్ధతిగా కట్టించాలని ఒక కమిటీ వేశాడు. ఆ కమిటీకి ఇచ్చిన ఆదేశాల్లో ఇదొకటి: ప్రతి ఇంటికీ ముందు ఇంత వెడల్పని వసారా ఉండాలి, వీధికి రెండు వైపులా అది ఎడతెగని నడవలా సాగాలి, ఎప్పుడూ తెరిచే ఉంచాలి. అంతకుముందు 1811 నుంచి 1816 దాకా జావాను ఏలినవాడు కాబట్టి, ఆ ఎండావానలు అతనికి కొత్త కాదు. అలాగని మరీ దయామయుణ్ని చేయనక్కర్లేదు. అదే ప్లానులో చీనావాళ్లకొక పేట, దక్షిణ భారతం నుంచి వెళ్లిన చూలియాలకొక పేట, సులవేసి దీవి నుంచి వచ్చిన బుగీలకొక పేట, అరబ్బులకొక పేట అని మనుషుల్ని విడగొట్టాడు. నీడ విషయంలో మాత్రం ఇల్లిల్లూ కలిపాడు.

సుమారు ఐదడుగుల వెడల్పున్న ఆ నడవలో అంత సుఖం ఎక్కణ్నుంచి వచ్చింది? సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉంది. పగటి వేడి 31, 32 డిగ్రీలే. మన రెంటచింతల వాళ్లకు అది ఎండే కాదు. కానీ గాలి నిండా తేమ ఉండడంతో చెమట ఆరదు. కాకినాడ, బందరు ఉక్కపోత ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటిచోట ఒంటికి తగిలే వేడి వేరు, థర్మామీటరు చూపే వేడి వేరు. నిజానికి నీడలో గాలి ఎండలో గాలి కన్నా పెద్దగా చల్లగా ఉండదు. తేడా అంతా నెత్తిన పడే కిరణాలది, కాగిన నేల, గోడలు ఎగజిమ్మే సెగది. నడవ ఆ రెంటినీ అడ్డుకుంటుంది, రోడ్డు వైపు తెరిచి ఉంటుంది కనక గాలినీ ఆపదు. మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఆ కాస్త కప్పు చాలు. పొద్దుటా సాయంత్రమూ ఏటవాలుగా పడే ఎండకు వెదురు తెరలు దించుకునేవాళ్లు. ఇక వాన మాట చెప్పేదేముంది, ఏడాది పొడవునా కురిసే ఊరది.

నీడ ఉన్నచోటికి మనిషి చేరతాడు, మనిషి చేరినచోటికి వ్యాపారం. క్షురకుడి కుర్చీ, చెప్పులు కుట్టేవాడి పెట్టె, ఉత్తరాలు రాసిపెట్టేవాడి బల్ల, చిలక జోస్యం, నూడుల్స్ బండి అన్నీ నడవలోకే వచ్చాయి. కొట్టువాళ్లు కూడా బస్తాలు, బుట్టలు అక్కడే దింపారు. నడిచేవాళ్లు చివరికి రోడ్డెక్కారు. 1887 నాటి మునిసిపల్ చట్టం చేతికి రాగానే అధికారులు 1888 ఫిబ్రవరిలో నడవలు ఖాళీ చేయించబోయారు. కొట్లు మూతపడ్డాయి, వీధుల్లో అల్లరి రేగింది, ట్రాముల మీద రాళ్లు పడ్డాయి. చరిత్రలో వాటి పేరు వరండా అల్లర్లు. చివరికి రాజీ: సరుకు పెట్టుకోండి, కానీ మనిషి పోవడానికి దారి వదలండి. ఈ మాట మన బజార్లలో ఇవాళ్టికీ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు.

ఈ పద్ధతి పెనాంగ్, ఇపో లాంటి మలయా పట్నాల్లోనూ పాకింది. గ్వాంగ్‌జౌలో, తైవాన్ ఊళ్లలో కూడా ఇలాంటి నడవలే కనిపిస్తాయి. మనకూ ఉదాహరణ లేకపోలేదు. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చలవతో హైదరాబాద్ పత్తర్‌గట్టిలో రాతి కమానుల వరస లేచింది. రంజాన్ నెలలో అక్కడ తోపులాట తప్పదు గానీ, ఎండ మాత్రం నెత్తిన పడదు.

స్వాతంత్ర్యం వచ్చాక సింగపూర్ పాత కొట్లను పడగొట్టి ఎత్తైన మేడలు కట్టింది. ఆ హోరులో ఎన్నో నడవలు పోయాయి. చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్ పేటల్ని కాపాడాలని 1989లో ప్రకటించేసరికి మిగిలినవి మిగిలాయి. మరోపక్క 1967లో ప్రధాని లీ క్వాన్ యూ తోటల నగరం అనే నినాదమిచ్చి రోడ్ల వెంట చెట్లు నాటించాడు. వాటిలో ముఖ్యమైనది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నిద్రగన్నేరు, మన రోడ్ల పక్కనా గొడుగు పట్టే ఆ చెట్టే. ప్రభుత్వ గృహసముదాయాల్లో కింది అంతస్తును గోడలు లేకుండా వదిలేశారు.

2013లో అక్కడి ప్రభుత్వం మెట్రో స్టేషన్ల చుట్టూ 400 మీటర్ల దాకా కప్పున్న నడకదారులు వేయడం మొదలుపెట్టి, 2018 నాటికి 200 కిలోమీటర్లు పూర్తిచేసింది. రాఫిల్స్ ఇంటి యజమాని చేత కట్టించిన నీడకు ఈసారి ఖజానా డబ్బు కట్టింది.